ఒక్క జత పొడిగా...

కొత్తావకాయ జాడీలకి వాసెన కట్టే హడావుడిలో ఉండి ఉంటారు. నేను మాత్రం ఈసారి వంటింటి కబురు కాకుండా గంగ కబురు పట్టుకొచ్చాను. గంగ అనగానే మూడు మునకలు, చెంబుడు తీర్థం అనుకునేరు. అది కాదండీ. గాలి నింపిన రబ్బరు పడవలో, చేత తెడ్డు పట్టుకుని, దేవప్రయాగ నుంచి రిషికేశ్ దాకా మూడు పగళ్లు, రెండు రాత్రుళ్లు. దీన్నే రాఫ్టింగ్ అంటారు. వెళ్లింది ఎవరో అనుకుంటున్నారా? నేనే!

మా పెద్దమ్మాయికి వచ్చే శ్రావణంలో పెళ్లి. "పెళ్లయ్యాక మనిద్దరం ఎక్కడికైనా వెళ్లడం ఎప్పటి మాటో అమ్మా. ఈ ఒక్కసారికీ నాతో రా" అని సంక్రాంతి నుంచీ పట్టు పట్టింది. నాకా, ఈత రాదు. గోదావరి ఒడ్డున పుట్టి, గోదావరి ఒడ్డునే మెట్టినా, మోకాలి లోతు దాటి దిగిన దాన్ని కాను. పైగా 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర పాపికొండలకి వెళ్లే పడవ మునిగి అన్ని ప్రాణాలు పోయాక, మా ఇంట్లో పడవ ఎక్కుతామన్న మాట ఎవరన్నా నోరెత్తితే ఒట్టు. అలాంటిదాన్ని, పిల్ల మొహం చూసి "సరే" అన్నాను. అన్నానే గాని, వారం రోజులు నిద్ర పట్టలేదు.

భయం వేసినప్పుడు మనం ఏం చేస్తాం? సామాను సర్దుతాం. నేనూ అదే చేశాను. నాలుగు జతల నూలు పంజాబీ డ్రెస్సులు, రెండు చీరలు, దళసరి టర్కీ తువ్వాళ్లు రెండు, దుప్పటి, గాజు సీసాలో గోంగూర పచ్చడి, గంగాజలానికి ఇత్తడి చెంబు, పెద్ద డబ్బాలో జంతికలు. తూకం వేస్తే సూట్‌కేసు 14 కిలోలు! అమ్మాయి వచ్చి చూసి, "ఇది పడవకా అమ్మా, పెళ్లివారి విడిదికా?" అని మంచం మీద మొత్తం బోర్లించేసింది. ఆ రాత్రి తల్లీ కూతుళ్లం కూర్చుని మళ్లీ మొదటి నుంచి సర్దాం. అలా సర్దిన సంచి నాకు ఎలా అక్కరకొచ్చిందో, అందులోనూ నేను చేసిన పొరపాటు ఏమిటో చెబుతాను. మీలో ఎవరైనా వెళ్లొచ్చు. మీరు వెళ్లకపోయినా మీ పిల్లలు రేపో మాపో బయల్దేరతారు. అప్పుడు సంచి దగ్గర కూర్చునేది మనమే కదా.

ముందు మూడు కుప్పలు

సామాను ముందేసుకుని మూడు కుప్పలు పెట్టుకోండి. మొదటిది ఒంటి మీద ఉండేవి. ఇవి తడిసి తీరతాయి, తడిసినా ఫరవాలేనివై ఉండాలి. రెండోది పడవలో చేతికందాల్సినవి. మూడోది రాత్రి బసలో కావలసినవి. ఈ మూడో కుప్పలోకి చుక్క నీరు పోకూడదు. రైలు బట్టలు, మిగతా సామాను రిషికేశ్‌లో లాడ్జిలోనే ఉంచేసి వెళ్లాలి.

పెద్ద సంచి కొందరు రోడ్డు మీదుగా జీపులో బసకి చేరుస్తారు, కొందరు సామాను పడవలో వేస్తారు. ఏ పద్ధతో ముందే అడిగి తెలుసుకోండి. ఇంకో సంగతి. గంగ ఇసుక తిన్నెల మీద గుడారాలు వేయడం వల్ల నది పాడవుతోందని 2015 డిసెంబరులో జాతీయ హరిత ట్రిబ్యునల్ కౌడియాలా నుంచి రిషికేశ్ దాకా వాటిని ఆపించింది. మేం దిగిన రెండు బసలూ ఒడ్డుకి దూరంగా, మెట్ట మీద ఉన్నాయి. పడవ దిగాక, అలిసిపోయిన కాళ్లతో, సంచి భుజాన వేసుకుని ఎక్కాలి. "ఎందుకైనా మంచిది" అని పడేసిన ప్రతి వస్తువూ అప్పుడు గుర్తొస్తుంది! మనిషికి 5, 6 కిలోలు దాటకుండా చూసుకోండి.

నూలు మంచిదే, కానీ అక్కడ కాదు

ఈ మాట రాయడానికి నాకే మనసొప్పడం లేదు. పుట్టిన పిల్లకి నూలు, బాలింతకి నూలు, ఎండాకాలం నూలు అని మనం అందరికీ చెప్పేవాళ్లం. కానీ చల్లటి నీటి మీద నూలు బట్ట శత్రువే. నూలు నీళ్లని పీల్చి పట్టుకుంటుంది, ఓ పట్టాన ఆరదు. ఆరే ఆ కాస్త తడీ మన ఒంట్లో వేడిని లాక్కుంటూ ఆరుతుంది. ఎండాకాలం మనకి హాయినిచ్చే గుణమే అక్కడ పళ్లు టకటకలాడిస్తుంది. గంగ మంచు కరిగి వచ్చే నీరు. మేం వెళ్లింది మార్చిలో. పైన ఎండ చుర్రుమంటున్నా నీళ్లు మాత్రం ఫ్రిజ్‌లో నీళ్లే.

అందుకని పడవ మీదికి సింథటిక్ బట్టలు. ఆటలాడే పిల్లలు వేసుకునే పొడుగు చేతుల టీషర్టు, నైలాన్ ట్రాక్ ప్యాంటు. లోపలి బట్టలు కూడా నైలాన్‌వే మేలు. నూలువి తడిసి రాసుకుని తొడలు ఒరిసిపోతాయి. జీన్స్ వద్దే వద్దు, తడిస్తే బండరాయే. చీర, చున్నీ సంగతి చెప్పనే అక్కర్లేదు. వేలాడేది ఏదైనా నీళ్లలో తాడుకో, రాయికో చిక్కుకుంటే ప్రాణం మీదికి వస్తుంది. రాత్రికి మాత్రం ఉన్ని స్వెట్టరు, ఉన్ని మేజోళ్లు, మంకీ క్యాప్. ఉన్నికి ఓ గొప్ప గుణం ఉంది, కాస్త చెమ్మగిల్లినా వెచ్చదనం పోదు.

కాళ్లకి వెనక పట్టీ ఉన్న శాండల్స్ గాని, పిల్లల పాత కాన్వాసు బూట్లు గాని. హవాయి చెప్పులు మొదటి అలకే గంగార్పణం! అవి బసలో వేసుకోవడానికి పెద్ద సంచిలో పెట్టుకోండి. కళ్లద్దాలు ఉన్నవాళ్లు పాత జత పెట్టుకుని, పైజామాలకి వాడే సన్నటి ఎలాస్టిక్‌ని రెండు కాడలకీ కట్టి తల వెనక బిగించుకోండి. మావారు నాకు అలాగే కట్టి ఇచ్చారు. మూడు రోజులూ కదల్లేదు.

మెడలోవీ, చేతులవీ

ఇక్కడే అసలు చిక్కు వచ్చింది. పడవ నడిపే వాళ్లు ఇచ్చిన కాగితంలో 'నగలు వద్దు' అని రాసుంది. మంగళసూత్రం తీయడం ఎలా? అత్తయ్యగారు ఏమంటారోనని నసుగుతుంటే, ఆవిడే, "ఆ నానుతాడు పెట్టెలో పెట్టి, సూత్రాలు పసుపుతాడుకి గుచ్చుకుని వెళ్లవే. మా రోజుల్లో మాకు ఉన్నది పసుపుతాడేగా" అన్నారు. నాలుగు రోజులుగా నేను మథనపడిన సమస్య ఆవిడ నోట ఒక్క మాటతో తేలిపోయింది. పొట్టిగా కట్టుకుని, టీషర్టు లోపలికి వేసుకున్నాను.

గాజులు, వేలాడే చెవి దిద్దులు, పట్టీలు తీసేయండి. ఉంగరాలు తప్పకుండా తీయాలి. చలికి వేళ్లు సన్నబడి ఉంగరం తెలియకుండానే జారిపోతుంది. జుట్టు ముడి వేస్తే హెల్మెట్ ఎక్కదు, గట్టిగా జడ అల్లుకుని చొక్కా లోపలికి దోపుకోవాలి. బొట్టు స్టిక్కరు కొట్టుకుపోతుంది లెండి, దిగులు పడకండి. ఒక అట్ట పెద్ద సంచిలో పడేసుకుంటే సాయంత్రం పెట్టుకోవచ్చు.

వాళ్లిచ్చేవి, మనం చూసుకోవాల్సినవి

లైఫ్ జాకెట్, హెల్మెట్, తెడ్డు వాళ్లే ఇస్తారు. ఇచ్చారు కదా అని ఊరుకోకండి. జాకెట్ బకిళ్లు అన్నీ పెట్టుకుని, పట్టీలు బిగించుకున్నాక, పక్కవాళ్లని భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగమనాలి. జాకెట్ చెవుల దాకా లేచిందంటే వదులుగా ఉన్నట్టే. మళ్లీ బిగించాలి. ఊపిరి ఆడుతూ ఉండాలి, జాకెట్ మాత్రం కదలకూడదు. చిరిగినా, బకిల్ విరిగినా మొహమాటపడకుండా మార్చమని అడగండి. చీరల కొట్టులో అరగజం చిరుగు కనిపిస్తే ఊరుకుంటామా? ఇక్కడ ఉన్నది ప్రాణం.

నీళ్లు పోని సంచి

ఈ యాత్రకంతా మూలం డ్రై బ్యాగ్ అనే సంచి. మందపాటి రెక్సిన్ లాంటి గుడ్డతో, పైన మూతి చుట్టి మూసేలా ఉంటుంది. కొందరు నిర్వాహకులు ఇస్తారు, లేదంటే కొనుక్కోవాలి. దీన్ని మూసే పద్ధతి తెలియకపోతే మామూలు సంచికీ దీనికీ తేడా లేదు. ముప్పావు వంతుకి మించి నింపకండి. మోకాలితో నొక్కి గాలి తీసేయండి. మూతి రెండు అంచులూ సమంగా కలిపి, ముడతలు లేకుండా కనీసం మూడు మడతలు చుట్టి, అప్పుడు బకిల్ పెట్టాలి. చపాతీ రోల్ చుట్టినట్టే అనుకోండి.

ఇంట్లోనే పరీక్ష చేసుకోండి. సంచిలో పాత న్యూస్‌పేపరు పెట్టి, మూసి, బకెట్ నీళ్లలో ఐదు నిమిషాలు ముంచి ఉంచండి. పేపరు కరకరలాడుతూ బయటికి వస్తే మీకు మూయడం వచ్చినట్టే. మేం బాత్రూంలో ఈ పరీక్ష చేస్తుంటే మా చిన్నాడు "అమ్మ పేపరుకి స్నానం చేయిస్తోంది" అని వీధంతా చాటాడు.

డ్రై బ్యాగ్ ఉన్నా లోపల ప్రతి జతనీ విడి ప్లాస్టిక్ కవరులో పెట్టండి. తీసేటప్పుడు మిగతావి తడవకుండా ఉంటాయి. ఖాళీ కవర్లు మూడు నాలుగు అదనంగా ఉంచుకోండి, తడిబట్టలకి పనికొస్తాయి.

వాళ్లిచ్చే స్లీపింగ్ బ్యాగులో ఎంతమంది పడుకున్నారో ఏమో అనిపిస్తుంది కదా! ఓ పాత మెత్తటి నూలు చీర నాలుగు మీటర్ల ముక్క తీసుకుని, సగానికి మడిచి, ఒక పక్క అంతా, రెండో పక్క నడుము దాకా కుట్టేయండి. తలవైపు తెరిచి ఉంటుంది. ఆ సంచిలో దూరి, తర్వాత స్లీపింగ్ బ్యాగులో దూరడమే. పొడిగా ఉండే చోట కాబట్టి ఇక్కడ నూలు భేషుగ్గా ఉంటుంది. మడిస్తే చేతి రుమాలంత.

మన ఆడవాళ్ల సంగతి

ఇది ఏ కాగితంలోనూ సరిగా రాయరు. అందుకే నేను రాస్తున్నాను. నెలసరి రోజులు పడేలా ఉంటే ముందే లెక్క చూసుకోండి. ప్యాడ్లు నీళ్లలో నిమిషాల్లో ఉబ్బిపోతాయి, పడవ మీద పనిచేయవు. ఈ కాలం పిల్లలు సిలికాన్ కప్పు వాడుతున్నారు, కొందరు టాంపాన్లు వాడతారు. అవి నీళ్లకి సరిపోతాయి. కానీ మొదటిసారి అక్కడే ప్రయత్నించకూడదు. రెండు మూడు నెలలు ముందు ఇంట్లో అలవాటు చేసుకోవాలి. అలవాటు లేనివాళ్లు ముదురు రంగు ప్యాంటు వేసుకుని, పడవ ఆపిన ప్రతిచోటా మార్చుకునేలా ప్యాడ్లు జిప్ కవరులో పెట్టుకోండి. వాడినవి న్యూస్‌పేపరులో చుట్టి, వేరే కవరులో వేసి, వెనక్కి తెచ్చుకోవాలి. గంగ ఒడ్డున పాతడం, పారేయడం మహా పాపం. వ్రతాలకీ పెళ్లిళ్లకీ వేసుకున్నట్టు వాయిదా వేసే మాత్రలు డాక్టరుని అడక్కుండా మింగొద్దు. ముఖ్యంగా బీపీ, పార్శ్వపు తలనొప్పి ఉన్నవాళ్లు.

ఇంకొకటి. ఒంటికి వెళ్లాల్సి వస్తుందని మనం నీళ్లు తాగడం మానేస్తాం. బస్సెక్కినా అంతే, పేరంటానికి వెళ్లినా అంతే. అక్కడ ఎండలో రోజంతా తెడ్డు వేస్తూ నీళ్లు తాగకపోతే కళ్లు తిరుగుతాయి, మూత్రం మంట పట్టుకుంటుంది. సిగ్గుపడకుండా ఒడ్డుకి ఆపమనండి. ఆపుతారు.

బట్టలు మార్చుకోవడానికి గది ఏదీ అంటారా? మన రేవుల్లో అమ్మమ్మలు ఏం చేసేవారు? లంగా చంకల దాకా లాగి నాడా బిగించి, లోపలే అంతా మార్చుకునేవారు. పుష్కరాల్లో మనమూ చేసిన పనే. ఓ వదులైన పాత నైటీ పెట్టుకోండి. తల మీదుగా తొడుక్కుని లోపలే తడివి విప్పి పొడివి వేసుకోవచ్చు. మా జట్టులో ఢిల్లీ నుంచి వచ్చిన అమ్మాయిలు తువ్వాలు పట్టుకుని అవస్థ పడుతుంటే, నా నైటీ వంతులవారీగా నలుగురికి గది అయింది!

నేను చేసిన పొరపాటు

నాకు బీపీ. రోజూ ఒక మాత్ర. ఇంట్లో లాగే నీటుగా ఉంటుందని మాత్రల్ని రేకు నుంచి ఒలిచి, వారాల గళ్లున్న ప్లాస్టిక్ డబ్బాలో వేసుకున్నాను. ఆ డబ్బాని చేతికందే చిన్న డ్రై బ్యాగ్‌లో పెట్టుకున్నాను. ఇక్కడిదాకా బాగానే ఉంది.

మొదటి రోజు దేవప్రయాగ. అలకనంద, భాగీరథి కలిసి అక్కణ్ణించే గంగ అనే పేరు వస్తుంది. సంగమం దగ్గర నీళ్లు తల మీద చల్లుకుని, దణ్ణం పెట్టుకుని ఎక్కాను. ఆ రోజు ఎక్కువగా నెమ్మది ప్రవాహమే. నా భయం కాస్త తగ్గింది. రెండో రోజు బ్యాసీ దగ్గర 'వాల్' అనే పెద్ద ఉరవడి. ఈత రాని వాళ్లని ముందే దింపేసి ఒడ్డు వెంట నడిపించారు. అమ్మాయి పడవ ఆ నురగలోకి వెళ్లి మాయమై, మళ్లీ పైకి లేచేదాకా నేను లెక్కపెట్టిన అంకెలు ఇప్పటికీ గుర్తే. పదకొండు.

అది దాటాక మళ్లీ పడవెక్కి, చిన్న సంచిలోంచి చిక్కీ తీసి అందరికీ పంచాను. పంచేసి, తొందరలో సంచి మూతి ఒకే ఒక్క మడత పెట్టి బకిల్ వేశాను. మళ్లీ చుడదాంలే అనుకున్నాను. ఈ 'లే' ఉందే, అదే ముంచుతుంది.

మధ్యాహ్నం వరసగా మూడు అలలు లేచే చోటు వచ్చింది. త్రీ బ్లైండ్ మైస్ అని ఇంగ్లీషు పిల్లల పాట పేరు పెట్టారు దానికి. రెండో అలకి పడవ నిట్టనిలువుగా లేచింది. మూడో అలకి నేను పడవలో లేను.

ఏం రాయను చెప్పండి. చెవుల్లో హోరు, కళ్ల ముందు ఆకుపచ్చ, ఛాతీ మీద ఎవరో గుద్దినట్టు చలి. కచ్చులూరు గుర్తొచ్చింది. కానీ జాకెట్ నన్ను పైకి తేల్చింది. పొద్దున గైడు కుర్రాడు పదిసార్లు చెప్పిన మాట ఒంటికే గుర్తుంది కాబోలు, వెల్లకిలా తిరిగి, కాళ్లు ప్రవాహం పోయే వైపుకి చాపి, పాదాలు నీళ్ల పైకి ఎత్తాను. లేచి నిలబడాలని చూస్తే రాళ్ల మధ్య కాలు ఇరుక్కుంటుంది, అందుకే అలా పడుకోవాలట. "ఆంటీజీ, తాడు!" అన్న కేక వినిపించింది. పడవ దగ్గరికొచ్చాక ఆ కుర్రాడు నా జాకెట్ రెండు భుజాలూ పట్టుకుని, ఒక్క ఊపున బస్తాని లాగినట్టు లోపలికి లాగేశాడు. జాకెట్ వదులుగా ఉంటే జాకెట్ అతని చేతికి వచ్చేది, నేను నీళ్లలోనే ఉండేదాన్ని. అంతా కలిపి నిమిషం కూడా పట్టలేదట.

ఆ సాయంత్రం బసకి చేరేసరికి వణుకు. అమ్మాయి ఏడుస్తూనే, "అమ్మా, నీ పొడి జత" అంటూ నా పెద్ద సంచి విప్పింది. మూడు మడతలు చుట్టిన సంచి. లోపల కవరులో ప్యాంటు, బనీను, స్వెట్టరు, మేజోళ్లు పెట్టినవి పెట్టినట్టే, మా బీరువాలోంచి తీసినట్టే ఉన్నాయి. అవి ఒంటికి తగిలిన ఆ క్షణం సుఖాన్ని ఏ పట్టుచీరా ఇవ్వలేదండీ నాకు. అరగంటకి వణుకు తగ్గి, అల్లం టీ తాగుతూ నవ్వాను కూడా.

తర్వాత మాత్ర వేసుకుందామని చిన్న సంచి విప్పితే, ఒక్క మడత చుట్టిన పుణ్యానికి లోపల గ్లాసుడు నీళ్లు. డబ్బా గళ్లలో మాత్రలన్నీ తెల్లటి జావ. గుండె జారిపోయింది. అప్పుడు అమ్మాయి తన సంచిలోంచి ఇంకో రేకు తీసి ఇచ్చింది. "నువ్వు డబ్బాలో ఒలుస్తుంటే చూశానమ్మా. అందుకే ఇంకో రేకు కొని నా దగ్గర పెట్టుకున్నా" అంది. ఇరవై నాలుగేళ్లు ఆ పిల్లకి నేను సంచులు సర్దాను. నా కోసం తను ఒకటి సర్దిందన్న సంగతి నాకు ఆ రాత్రి తెలిసింది.

కాబట్టి, రోజూ మందులు వాడేవాళ్లు మాత్రల్ని రేకులోంచి తీయకండి. రెండు భాగాలు చేసి రెండు సంచుల్లో, వీలైతే ఇద్దరు మనుషుల దగ్గర పెట్టండి. ఉబ్బసానికి పీల్చే మందు వాడేవాళ్లు అది చేతికందేలా ఉంచుకుని, ఏ సంచిలో ఉందో గైడుకి చెప్పి ఉంచాలి.

పొద్దున్నే కష్టమైన పని

మూడో రోజు పొద్దున చలిలో ముందు రోజు తడిబట్టలు మళ్లీ వేసుకోవాలి. నైలాన్ తాడు మీద ఆరేసినా కాస్త తేమ ఉంటుంది. 'ఈ పొడి జతతోనే పడవెక్కేద్దాం' అని ప్రాణం లాగుతుంది. వద్దు. పొడి జత నది మీదికి రాకూడదు. అది రాత్రి సొత్తు. పొద్దున పది నిమిషాల కష్టానికి ఓర్చుకుంటే సాయంత్రం వెచ్చగా ఉంటాం. ఈ ఒక్క నియమం గుర్తుంటే మిగతావి మరిచినా గట్టెక్కుతారు.

గంగలో సబ్బు, షాంపూ వాడకండి. మందు సబ్బైనా, మూలికల సబ్బైనా సరే. మూడు రోజులు తల రుద్దుకోకపోతే కొంపలంటుకోవు.

నోట్లో వేసుకోవడానికి

భోజనం వాళ్లే వండి పెడతారు. రోటీ, పప్పు, కూర. మన నాలుకకి కారప్పొడి చిన్న ప్లాస్టిక్ డబ్బాలో చాలు, గాజు సీసా వద్దు. దారికి ఈ ఉండలు చేసుకోండి. కప్పు పల్లీలు దోరగా వేయించి పొట్టు తీయండి. అరకప్పు నువ్వులు చిటపటలాడేదాకా వేయించండి. చల్లారాక రెండూ బరకగా పట్టి, ముప్పావు కప్పు బెల్లం తురుము, రెండు ఏలకులు వేసి మళ్లీ ఒక్కసారి తిప్పండి. పల్లీల నూనెతోనే ఉండ కడుతుంది, నెయ్యి అక్కర్లేదు. చిన్న నిమ్మకాయంత ఉండలు చుట్టి రెండేసి చొప్పున కవరులో పెడితే, పడవలో ఒక చేత్తో తినొచ్చు. వారం రోజులు చెడవు.

కత్తిరించి బీరువా తలుపుకి అంటించుకోండి

ఒంటి మీద: పొడుగు చేతుల సింథటిక్ టీషర్టు, నైలాన్ ప్యాంటు, నైలాన్ లోదుస్తులు, పట్టీ శాండల్స్ లేదా కాన్వాసు బూట్లు, తాడు కట్టిన కళ్లద్దాలు.

చేతికందే చిన్న డ్రై బ్యాగ్: నీళ్ల సీసా (సంచికి బయట కట్టాలి), ఎండ క్రీము, వ్యాజ్‌లైన్, రేకులోనే ఉన్న మందులు, ప్యాడ్లు, ఉండలు, ఆధార్ నకలు, కొద్దిగా చిల్లర. ఎండ క్రీము గడ్డం కింద, పాదాల మీద కూడా రాయాలి, నీళ్ల మీంచి కూడా ఎండ కొడుతుంది.

పెద్ద డ్రై బ్యాగ్: పూర్తి పొడి జత ఒకటి, అదనపు లోదుస్తులు, పడవ మీదికి రెండో టీషర్టు, స్వెట్టరు, ఉన్ని మేజోళ్లు, మంకీ క్యాప్, పాత నైటీ, చీర సంచి, పలచటి తువ్వాలు, తలకి కట్టుకునే టార్చి, రెండో మందుల రేకు, హవాయి చెప్పులు, పళ్లపొడి సామాను, నైలాన్ తాడు, క్లిప్పులు, ఖాళీ కవర్లు.

ఇంట్లోనే: బంగారం, గాజు సీసాలు, జీన్స్, చున్నీ, టర్కీ తువ్వాలు, ఇత్తడి చెంబు. గంగాజలం రిషికేశ్‌లో దిగాక చిన్న ప్లాస్టిక్ సీసాలో తెచ్చుకున్నాను, అత్తయ్యగారికి అదే మహాప్రసాదం.

జులై, ఆగస్టు నెలల్లో వరద వల్ల అక్కడ పడవలు నడవవు. దసరా తర్వాత గాని, ఫిబ్రవరి, మార్చిల్లో గాని చూసుకోండి. బీపీ, గుండె జబ్బు, ఇటీవల ఆపరేషన్ అయినవాళ్లు డాక్టరు మాట తీసుకునే బయల్దేరాలి. నేనూ తీసుకునే వెళ్లాను.

ఇంటికొచ్చి వారం అయిందో లేదో, అమ్మాయి పెళ్లి సారె సర్దడం మొదలుపెట్టాం. నేను పెట్టెలో ఏదైనా అదనంగా పెట్టబోతే, "అమ్మా, మెట్లెక్కేది నేను" అంటోంది. ఇద్దరం నవ్వుకుంటున్నాం. అయినా అడుగున ఓ మెత్తటి నూలు చీరా, ఉన్ని శాలువా కవరులో చుట్టి పెట్టాను. దానికి చెప్పలేదు.

ఉంటానండీ మరి. వచ్చేవారం చింతకాయ తొక్కు నిలవ పెట్టే కిటుకులతో కలుద్దాం.